గుటకల మేడం

మొన్న భద్రాచలం బస్టాండులో ఒక ముసలాయన నీళ్ల సీసా పైకెత్తి, పెదవికి తగలకుండా గొంతులో పోసుకుంటూ పొలమారాడు. కళ్లలో నీళ్లు తిరిగేదాకా దగ్గాడు. పక్కన కూర్చున్న భార్య ఆయన నడినెత్తిన తట్టి, "ఎవలో తలుసుకుంటున్నరు" అంది. దగ్గు ఆగాక నేను దగ్గరికి వెళ్లి, "తల వంచుకొని తాగండి, పొలమారదు" అన్నాను. ఆయన నన్ను కిందికీ పైకీ చూశాడు.

"నీళ్లు తాగుడు గూడ నేర్పుతవా సారూ?"

ఇదే మాట, ఇంతే విసుగుతో, ఒకప్పుడు మా అమ్మ నోట విన్నాను. అప్పుడు ఆ మాట పడిన మనిషి పకపకా నవ్వింది. నాకు ఆ నవ్వు రాలేదు. బస్సు వచ్చింది, ఎక్కాను. కొత్తగూడెం దాటేదాకా ఆమె గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. ఆమె పోయి ఏళ్లయింది. ఆమె గురించి ఎవరూ ఏమీ రాయలేదు. గుర్తున్నంత మేరకు నేను రాస్తున్నాను.

ఖమ్మంలో మా వీధి చివర చిన్న పోర్షన్ కిరాయికి తీసుకొని తల్లితో ఉండేది. వాళ్లది తిరుమలాయపాలెం దగ్గరి పల్లె. నత్తి ఉన్న పిల్లలకూ, మాట పడిపోయిన పెద్దలకూ మళ్లీ మాట నేర్పే చదువు చదివి వచ్చింది. ఒక ప్రైవేటు దవాఖానాలో ఒంటిపూట పని. మిగిలిన పూట పరిశోధన. ఏం పరిశోధన అని ఎవరైనా అడిగితే దాచకుండా చెప్పేది: "ముసలోళ్లు ఎట్ల మింగుతరో చూస్త." ఆ జవాబు వీధంతా పాకి ఆమెకు గుటకల మేడం అన్న పేరు పడిపోయింది. పిల్లలు వెనకనుంచి గుటక వేసినట్టు చప్పుడు చేసేవారు. ఆమె ఆగి, వెనక్కి తిరిగి, "మంచిగ ఏసినవ్ రా. ఇంకోటెయ్యి, చూస్త" అనేది. పిల్లలు పరుగెత్తేవారు.

సన్నగా ఉండేది. నడక వేగం. గడియారం అందరిలా కాకుండా మణికట్టు లోపలి వైపుకు తిప్పి కట్టుకునేది. అది సోకనుకున్నాను చాలాకాలం. మనిషి గొంతు మీద రెండు వేళ్లు ఆనించినప్పుడు, చేయి కదపకుండా సెకండ్ల ముల్లు కనపడటానికని తర్వాత తెలిసింది. భుజాన గుడ్డసంచి. అందులో ఒక స్టీలు చెంచా, ఒక స్టెతస్కోపు, బిస్కెట్ ప్యాకెట్టు. ముసలివాళ్లను కూర్చోబెట్టి చెంచాడు నీళ్లిచ్చేది. రెండు వేళ్లు గొంతుముడి మీద పెట్టి, అది పైకి లేచి కిందికి దిగేదాకా చూసేది. దిగాక "ఆ... అను తాతా" అనేది. గొంతు తడితడిగా, నీళ్లలోంచి వచ్చినట్టు వినిపిస్తే ఆమె కనుబొమలు దగ్గరపడేవి. నీళ్లు పోవలసిన దారిన పోలేదన్నమాట.

ఈ చదువులోకి ఎందుకొచ్చారని ఒకసారి అడిగాను. ఇంట్లో ఎవరికో ఏదో జరిగి ఉంటుందని నా ఊహ.

"ఏం లేదు సార్. డాక్టర్ సీటు రాలే, గిది వచ్చింది" అంది. "మాట నేర్పుదామనే పోయిన. పోయినంక తెలిసింది, మాటకు బువ్వకు గొంతుల దారి ఒక్కటేనని. మాట పోయినోళ్లను తీస్కొని అందరు ఉరికొస్తరు. బువ్వ దిగకపోతే మాత్రం ముసలితనం అని ఊకుంటరు."

ఈ "ముసలితనం" అన్న మాట మీదే ఆమెకు పంతం. వయసు మీద పడితే గుటక నెమ్మదిస్తుంది, నాలుక బలం తగ్గుతుంది, నోట్లో తడి తగ్గుతుంది. అది జబ్బు కాదు, జుట్టు నెరవడం లాంటిది. కానీ ఆ నెమ్మదికి మనం ఆగం. పక్కనున్నవాళ్లం చెంచా మీద చెంచా పెడతాం, పడుకోబెట్టి పోస్తాం. తర్వాత దమ్మొచ్చిందనీ జ్వరమొచ్చిందనీ అంటాం. చావింటికి వెళ్లినా ఆమె ఒక మూలకు చేరి, "ఆఖరుకు ఏం తిన్నడు? పండుకొని తాగిండా, కూసొనా?" అని అడిగేది. ఎవలో తలుచుకుంటున్నరు అన్న మాట వింటే మండిపడేది. "ఊపిరితిత్తులల్లకు నీళ్లు పోతుంటే తలుసుకునేటోడు ఎవడు? యముడా?"

ఆమె తల్లి ఆమెకు మొదటి రోగి. రోగం లేని రోగి. ఒకరోజు మా గేటు దగ్గర ఆవిడ నాతో మొరపెట్టుకుంది. "చూడుండ్రి సారూ, బుక్క నోట్ల పెట్టుకున్ననో లేదో, గొంతు మీద చెయ్యేస్తది. గట్ల చూస్తుంటే బుక్క దిగుతదా?"

"దిగుతున్నదా లేదా అనే కదనే చూసేది" అంది కూతురు లోపలినుంచి.

"దిగకపోతే నేనే చెప్తగద బిడ్డా!"

"దిగనోళ్లు చెప్పరు. గదే తిప్పలు."

మా అమ్మకు పక్షవాతం వచ్చిన ఏడు ఆమె మా ఇంటికి దగ్గరైంది. అమ్మది మధిర. నోట్లో మాట నిలవని మనిషి. కుడివైపు పడిపోయి, మూతి వంకరపోయి, ముక్కులో గొట్టంతో దవాఖానానుంచి ఇంటికి వచ్చింది. ఆ గొట్టంలోంచి పాలు, పళ్లరసం పోసేవాళ్లం. మాట ముద్దగా వచ్చేది. అయినా ఆ ముద్దమాటల్లో పదే పదే అడిగేది ఒక్కటే. నీళ్లు. గొట్టంలో పోస్తే తల అడ్డంగా ఊపేది. కడుపులోకి కాదు, నోట్లోకి. ఒక్కసారి పోద్దామని నా భార్య చెంచాతో పోస్తే అమ్మ ముఖం నల్లబడిపోయేంతగా దగ్గింది. ఆ సాయంత్రం నేను వీధి చివరికి వెళ్లి పిలుచుకొచ్చాను.

ఆమె అమ్మ వీపు వెనక దిండ్లు పెట్టించి నిటారుగా కూర్చోబెట్టింది. గొంతు మీద రెండు వేళ్లు ఉంచింది.

"పెద్దమ్మా, ఉమ్మి మింగు. ఏం పెడ్తలేను. నీ ఉమ్మే."

అమ్మ ఆమెను గుర్రుగా చూసింది. చాలాసేపు ఏమీ జరగలేదు. నేను గదిలోంచి వెళ్లిపోదామా అనుకుంటుండగా ఆమె, "లేచింది" అంది. "ఆలస్యంగ లేచింది. కాని లేచింది సార్. లేస్తున్నంతసేపు మనకు పని ఉన్నట్టే."

తర్వాత రోజూ వచ్చేది. నాలుక ఎత్తించేది, గట్టిగా గుటక వేయించేది, పళ్లూ నాలుకా శుభ్రంగా తోమించేది. తనకు డ్యూటీ ఉన్న పూట తల్లిని పంపేది. ఆ తల్లి మంచం పక్కన పీట వేసుకొని, ఎడమచేతి రెండు వేళ్లు మా అమ్మ గొంతు మీద పెట్టి, కుడిచేత్తో చెంచా పట్టుకొని కూర్చునేది. నా భార్య తొందరపడి "ఇంకో చెంచా పెట్టండి" అంటే, "ఆగుండ్రి, దిగలే" అనేది. దిగాక తల ఊపేది. కూతురు ఎంత నేర్పిందో అంతే. ఒక్క చెంచా ముందు కాదు, ఒక్కటి వెనక కాదు. వాళ్లిద్దరి ఓపికతో, డాక్టరు చూసి సరేనన్నాక, గొట్టం తీసేశారు. చిక్కటి జావ దిగింది. మెత్తగా పిసికిన పెరుగన్నం దిగింది. ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం, అమ్మ తప్ప.

"చచ్చేలోగా కడుపునిండా మంచినీళ్లు తాగనివ్వండర్రా" అనేది. జావ నీళ్లు కాదు, మజ్జిగ నీళ్లు కాదు. నీళ్లు.

జావ కంటే నీళ్లు కష్టమని అప్పుడే తెలిసింది నాకు. పలచటివి పరుగెత్తుతాయి, నెమ్మదించిన గొంతు వాటిని అందుకోలేదు. తల వంచి, గడ్డం ఛాతీకి ఆనించి, కొద్దికొద్దిగా గ్లాసుతో తాగితే అమ్మకు కుదరవచ్చని ఆమె లెక్క. తల వెనక్కి ఎత్తితే మాత్రం ఊపిరి దారి తలుపు తెరిచినట్టేనంది. చిక్కంతా అక్కడే వచ్చింది. అమ్మ పుట్టి బుద్ధెరిగాక గ్లాసుకు పెదవి తగిలించిన మనిషి కాదు. చెంబయినా గ్లాసయినా పైకెత్తి పోసుకోవలసిందే. మా ఇంట్లో అందరికీ అదే అలవాటు. ఎంగిలి గ్లాసు నీళ్ల బిందె దగ్గరికి వెళితే అమ్మ బిందెడు నీళ్లూ పారబోసేది.

"నీళ్లు తాగడం కూడా నేర్పుతావుటే అమ్మాయ్?" అంది అమ్మ.

ఆమె పకపకా నవ్వింది. "నేర్పుత పెద్దమ్మా. ఫీజు గూడ తీస్కోను. గ్లాసు మూతికి పెట్టుకో."

"ఎంగిలి గ్లాసు ఇంట్లో ఎక్కడ పెట్టమంటావు? మీ ఇంటికి పంపనా?"

"పంపు. మాకు ఎంగిలి లేదు, మంగలం లేదు. కడుక్కుంటం."

"నేను పోయాక కడుక్కుందువు గాని" అని అమ్మ గోడవైపు తిరిగింది. నీకొక్కదానికే వేరే గ్లాసు పెడతామని నా భార్య చెప్పి చూసింది. "నా ఎంగిలి నేనే మళ్లీ తాగాలా?" అంది అమ్మ. చెంబెత్తనివ్వం, గ్లాసు ముట్టదు. అలా నీళ్లు లేకుండానే రోజులు గడుస్తున్నాయి.

ఆ వేసవి సెలవుల్లో ఆమె చర్ల వైపు అడవి పల్లెలకు పోతూ తోడు రమ్మంది. అక్కడి ముసలివాళ్ల గుటకలు కూడా చూడాలని ఆమె కోరిక. చర్ల దాటాక క్యాంపు దగ్గర పోలీసులు జీపు ఆపారు. ఒక కుర్ర జవాను ఆమె సంచి తెరిచి స్టెతస్కోపు బయటికి తీశాడు.

"డాక్టరా? ఎవరికి వైద్యం చెయ్యడానికి పోతున్నారు లోపలికి? అన్నలకా?"

"డాక్టర్ను గాదు."

"మరి ఇదేంటి?"

"గుటకలు ఇనేటందుకు."

వాడికి ఒళ్లు మండింది. ఎగతాళి చేస్తున్నదనుకున్నాడు. చివరికి ఒక పెద్దవయసు కానిస్టేబులు వచ్చాడు. ఆమె ఆయనకు చెంచాడు నీళ్లిచ్చి, స్టెతస్కోపు ఆయన మెడకు ఆనించి, గొట్టాలు ఆ కుర్రవాడి చెవుల్లో పెట్టింది. వాడు విన్నాడు. ముఖం మారిపోయింది. "చప్పుడొస్తోంది సార్!" అన్నాడు పెద్దాయనతో. "లేకపోతే సస్తగదరా" అన్నాడు పెద్దాయన. మమ్మల్ని వదిలేశారు.

ఆ పల్లెలో ఒక తాత ఇంటిముందు కూర్చున్నాం. పొద్దున దించిన కల్లు కుండ ఉంది. కొడుకు కుండలోంచి వంచుతుంటే తాత రెండు చేతులతో మోదుగాకు దొప్ప పట్టుకొని, నడుం వంచి, తల దించి, దొప్ప అంచుకు పెదవులానించి తాగాడు. ఆమె గొంతుక్కూర్చుని ఆయన గొంతునే చూస్తోంది. తాత తమ భాషలో ఏదో అంటే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కోడలు తెలుగులో చెప్పింది: "గొంతు గింతగనం చూస్తుంది, పెండ్లి సంబంధం మాట్లాడనీకొచ్చిందా అంటుండు."

"నాకు ఇష్టమే. కట్నం ఏమిస్తడో తాతను అడుగుండ్రి" అంది ఆమె. ఆ నవ్వులు ఆగాక తాత దొప్ప పారేసి, చుట్టాలు వచ్చారన్న మర్యాదకేమో, చెంబు అందుకొని పైకెత్తి నీళ్లు పోసుకున్నాడు. దగ్గు తెర వచ్చింది.

ఆమె నవ్వు ఆగిపోయింది.

కల్లు చిక్కగా ఉంటుంది, అందుకే దగ్గు రాలేదేమో అని ముందు తనే సందేహపడింది. తాతను కాసేపు ఆగనిచ్చి, కొత్త దొప్పలో నీళ్లు పోయమంది. తాత అలవాటు ప్రకారం వంగి తాగాడు. దగ్గు లేదు. "ఆ... అను తాతా" అంది. గొంతు పొడిగా, స్పష్టంగా వచ్చింది. ఆమె తన గొంతు మీద తనే రెండు వేళ్లు పెట్టుకొని కూర్చుంది. ఆలోచన వచ్చినప్పుడు ఆమె అలా చేసేది.

"ఒక్క తాతను చూసి చెప్పొద్దు సార్. ఇంక చానమందిని చూడాలె" అంది. మళ్లీ తనే, "కాని పెద్దమ్మకు చెప్పొచ్చు" అంది. "దొప్ప తాగి పారేసుడే కద. ఇంక ఎంగిలేడిది?"

తిరిగి వచ్చేటప్పుడు గుడ్డసంచి నిండా మోదుగాకులు తెచ్చింది.

అమ్మ దొప్పను అటూ ఇటూ తిప్పి చూసింది. "కల్లు తాగినట్టు తాగమంటావా? మా వంశంలో లేదు."

"కల్లు గాదు పెద్దమ్మా, మంచినీళ్లే. మీ వంశం గంగల కలువదు."

"పోసేదెవరు?"

"నీ కొడుకు."

నేను చెంబుతో సన్నటి ధారగా పోశాను. అమ్మ మంచి చేత్తో దొప్ప కింద పట్టుకుంది, పడిపోయిన చేతిని ఆమె పట్టుకుంది. అమ్మ తల వంచింది. దొప్ప అంచుకు పెదవులు తగిలాయి. ఆమె తల్లి పక్కన నిలబడి రెండు వేళ్లు గొంతు మీద పెట్టింది. ఒక గుటక. ఆగాం. ఇంకొకటి. అమ్మ దగ్గలేదు. దొప్ప ఖాళీ అయ్యేదాకా తల ఎత్తలేదు. ఎత్తినప్పుడు గడ్డం మీదనుంచి నీళ్లు కారుతున్నాయి. అవి నీళ్లే అనుకున్నాం అందరం.

"ఇంకో దొప్ప పొయ్యరా" అంది అమ్మ.

ఆరోజు ఎండన పడి తిరిగి వచ్చిన ఆమెకు దాహంగా ఉంది. మా బిందెలోంచి గ్లాసుతో నీళ్లు ముంచుకొని, తల వెనక్కి వాల్చి, గటగటా గొంతులో పోసుకుంది. అమ్మ చూడనే చూసింది. "ఏమే అమ్మాయ్, ఊరందరికీ నీతులు చెప్పి నువ్వు ఎత్తి పోసుకుంటున్నావే!"

ఆమె మూతి తుడుచుకుంది. "నాకింక వయసుంది పెద్దమ్మా. ముసల్దాన్నయినంక నేను గూడ దొప్పలనే తాగుత."

ఆమె తిండీ అంతే. బస్టాండులో నిలబడి ఇడ్లీలు నమలకుండా మింగేది. బస్సు కదిలేలోగా టీ తాగేది. ఇతరుల గుటకల కోసం ఎంతసేపయినా ఆగగలిగిన మనిషి తన గుటక కోసం ఎప్పుడూ ఆగలేదు.

అమ్మ తర్వాత రెండేళ్లకు పైగా బతికింది. రోజూ దొప్పలోనే నీళ్లు తాగింది. ఒకరు పోయాలి, ఒకరు తాగాలి. కనుక ఆ రెండేళ్లూ నేను రోజూ కొంతసేపు అమ్మ ఎదురుగా కూర్చున్నాను. అంతకుముందు అలా కూర్చున్న గుర్తు లేదు.

ఆమె మాత్రం ఆ దొప్పను వదల్లేదు. మనిషి దేనితో తాగుతాడో, ఎలా వంగుతాడో, ముసలితనంలో దానివల్ల ఏమవుతుందో అన్నది ఆమె పరిశోధనలో పెద్ద భాగమైపోయింది. నగరంలో ఉన్న ఆమె గైడు ఒప్పుకోలేదు. వేళ్లతో తడిమి చూసింది రుజువు కాదన్నాడు. మింగుతున్నప్పుడు లోపలి దృశ్యం చూపే ఎక్స్‌రే యంత్రం కావాలి, అది ఖమ్మంలో లేదు. ఆమె ఆయన్ని తప్పుపట్టలేదు. "సారు చెప్పేది నిజమే. దగ్గు లేకుండ లోపలికి పోయేటి నీళ్లు నా వేళ్లకు దొరకవు" అనేది. కొందరు ముసలివాళ్లను పట్నం తీసుకుపోయి ఆ యంత్రం ముందు కూర్చోబెట్టి దొప్పలో నీళ్లు తాగించాలని ఆమె ఆశ. అంతమంది ముసలివాళ్లను అడవి దాటించి పట్నం తీసుకుపోయేదెవరు? వాళ్లు వస్తామన్నా పంపేదెవరు? అయినా వీలు చిక్కినప్పుడల్లా చర్ల వైపు వెళుతూనే ఉంది. వానాకాలం వద్దంటే వినలేదు. వానాకాలంలో అందరూ ఇళ్లలోనే ఉంటారు, చూడటానికి వీలు అనేది.

అమ్మ ఆఖరి రోజు ఆమె మా ఇంట్లోనే ఉంది. పొద్దున్నుంచి అమ్మకు స్పృహ లేదు. మధిరనుంచి బంధువులు వచ్చారు. మా మేనత్త తులసి వేసిన నీళ్ల గ్లాసు పట్టుకొని నిలబడింది, కానీ పోయడం లేదు. గదిలో అందరి చూపూ గుటకల మేడం వైపే. పడుకోబెట్టి నీళ్లు పోయవద్దని ఆ రెండేళ్లూ వచ్చినవాళ్లందరికీ చెప్పిన మనిషి ఆమె. గ్లాసులు లాక్కుంది కూడా.

ఆమె దగ్గరికి వచ్చి అమ్మ తలను పైకెత్తి, గడ్డం కిందికి వంచి, అలాగే పట్టుకుంది.

"పొయ్యండమ్మా" అంది మా అత్తతో. "గీ నీళ్లు మింగేటోళ్ల కోసం గాదు. పోసేటోళ్ల కోసం."

అందరం పోశాం. అయ్యాక ఆమె అమ్మ తలను దిండు మీద పెట్టి వరండాలోకి వెళ్లిపోయింది. నేను బయటికి వచ్చేసరికి వీధివైపు తిరిగి నిలబడి ఉంది. రెండు వేళ్లు తన గొంతు మీద ఉన్నాయి.

తర్వాతి వానాకాలం ఆమె చర్లనుంచి జ్వరంతో వచ్చింది. ఆ రోజుల్లో ఆ దారిన వెళ్లి వచ్చినవాళ్లకు జ్వరం కొత్త కాదు. గోలీలు వేసుకొని డ్యూటీకి పోయింది. రెండోసారి వచ్చిన చలిజ్వరం మెదడుకు ఎక్కింది. దవాఖానాలో చేర్చిన రోజు నేను చూడబోతే గుర్తుపట్టింది. "సార్, ముసలోళ్లు నన్ను ఎదురుచూస్తుంటరు. మళ్ల వస్తనని చెప్పొచ్చిన" అంది. ఆ తర్వాత మాట్లాడలేదు. కొన్నాళ్లకు, ఇంక తమ చేతిలో ఏమీ లేదని, ఇంటికి తీసుకుపొమ్మన్నారు డాక్టర్లు. తిరుమలాయపాలెం దగ్గరి ఊరికి తీసుకుపోయారు. నేను వెనక బస్సులో వెళ్లాను.

చిన్న పెంకుటిల్లు. ముందుగదిలో నులకమంచం మీద పడుకోబెట్టారు. జుట్టు కత్తిరించినట్టున్నారు, ముఖం చిన్నదైపోయింది. మణికట్టు మీద గడియారం లేదు, దాని చార మాత్రం లోపలివైపు తెల్లగా ఉంది. ఊపిరి ఆగి ఆగి వస్తోంది. కులపెద్ద ఎవరో, "ఇంక ఆలస్యం వద్దు. తల్లి చేతి నీళ్లు పడనియ్యండి" అన్నాడు.

ఆమె తల్లి గ్లాసూ చెంచా పట్టుకొని మంచం దగ్గరికి వచ్చింది. వచ్చి ఆగిపోయింది. గదిలో ఉన్న అంతమందినీ వదిలి నావైపు చూసింది.

"సారూ, పొయ్యొచ్చునా?" అంది. "పండవెట్టి పొయ్యొద్దని అందరికి చెప్పింది గద. కోపం చేస్తదేమో."

ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల మనిషి మంచం మీద ఉంది. మా అమ్మ దగ్గర ఆమె అన్న మాట తప్ప నా దగ్గర ఇంకేమీ లేదు.

"చెయ్యదమ్మా. ఈ నీళ్లు పోసేవాళ్ల కోసమని తనే చెప్పింది" అన్నాను. మంచం తలవైపు మోకాళ్ల మీద కూర్చుని, ఆమె తల కింద చేయి పెట్టి పైకెత్తాను. తల చాలా వేడిగా ఉంది. ఆమె మా అమ్మకు చేసినట్టే గడ్డం కిందికి వంచి పట్టుకున్నాను.

తల్లి ఒక చెంచా పోసింది. కొన్ని నీళ్లు పెదవి మూలనుంచి నా చేతి మీదికి కారాయి. ఆవిడ చెంచా గ్లాసులో పెట్టి, ఎడమచేతి రెండు వేళ్లు కూతురి గొంతు మీద ఆనించింది.

కులపెద్ద కాసేపు చూసి, "ఇంకో చెంచా పొయ్యి చెల్లే, మిగిలినోళ్లు గూడ పొయ్యాలె" అన్నాడు.

ఆవిడ తల తిప్పలేదు. వేళ్లు తీయలేదు.

"ఆగుండ్రి" అంది. "ఇంక దిగలే."